ప్రసంగంలో వినిపించిన పేర్లు

ఆ ఆదివారం పూజ అయ్యాక గుడి కింది హాలులో కాఫీ తాగుతుంటే మాస్టారుగారు మా దగ్గరకు వచ్చారు. కోటు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, "చదివి సంతకం పెట్టండి" అన్నారు. మాస్టారుగారంటే గుంటూరు జిల్లాలో ముప్పయ్యేళ్ళు మిషన్ స్కూలులో లెక్కలు చెప్పి, కొడుకు దగ్గరకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన పెద్దాయన. మా ఊళ్ళో తెలుగు కేథలిక్ కుటుంబాలను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందరికీ ఆయన మాటంటే గౌరవమే. కాగితం మేత్రాణులవారికి వ్రాసిన ఫిర్యాదు. మా విచారణ గురువు తమ ప్రసంగాలలో ఆంథొనీ డిమెల్లో, తెయ్యార్ ద షార్దాన్, కార్ల్ రానర్, హాన్స్ క్యూంగ్ అనే నలుగురి మాటలు తరచుగా ఉదహరిస్తున్నారనీ, ఈ నలుగురూ శ్రీసభ ఖండించిన పాషండులనీ, భద్రమైన అభ్యంగనానికి సిద్ధమవుతున్న పిల్లల ఎదుట ఇటువంటి పేర్లెత్తటం తగదనీ దాని సారాంశం.

మేము వారం రోజులు గడువు అడిగాము. "ఇందులో గడువెందుకు?" అని ఆయన కాస్త నొచ్చుకున్నారు. తరువాత మెత్తబడి, "మా తాతగారు ఈ విశ్వాసం పట్టుకున్నందుకు ఊరు విడవవలసి వచ్చిందమ్మా. ఏ దారైనా ఒకటేనని చెప్పుకోవటానికైతే ఆయన ఊరు విడవటమెందుకు?" అన్నారు. ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు. అయితే ఒక గురువు మీద పైవారికి ఫిర్యాదు వ్రాయటమంటే ఆయన బతుకుతో వ్యవహారం. కనుక ఆ వారం రోజులు దొరికిన పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాము. అప్పుడు తెలుసుకున్నవే ఇక్కడ వ్రాస్తున్నాము.

మన పత్రిక చదువరులలో చాలామందికి ఈ పేర్లు కొత్త కావచ్చు. కాని ఒక సంప్రదాయం తన పండితులను ఎలా తూచుతుంది, తూకంలో పొరబడితే ఎలా దిద్దుకుంటుంది అన్నది ఒక మతానికే చెందిన సంగతి కాదు. శంకరాచార్యులవారినే ప్రచ్ఛన్న బౌద్ధుడన్నవారు మన దేశంలో ఉన్నారు కదా.

మొదట ఒక మాట సంగతి తేల్చుకోవాలి. తెలుగులో మనం "ఖండించారు" అని ఒక్క మాటలో చెప్పేదానికి రోములో చాలా మెట్లున్నాయి. పాతకాలపు దైవశాస్త్రజ్ఞులు ఒక వాక్యాన్ని తూచేటప్పుడు ఇది పాషండం, ఇది పాషండానికి దగ్గర, ఇది తప్పు, ఇది దుడుకు మాట అని తరగతులు కట్టేవారు. అట్టడుగున ఒక తరగతి ఉంది: భక్తుల చెవులకు కటువుగా వినిపించేది. అంటే మాటలో అబద్ధం ఉండనక్కరలేదు, చెప్పిన తీరు బాగులేదన్నమాట. 1713లో 11వ క్లెమెంట్ పోపుగారు ఫ్రాన్సులో కెనెల్ అనే గురువు పుస్తకంలోంచి 101 వాక్యాలు ఏరి ఖండించినప్పుడు ఇటువంటి విశేషణాలన్నీ చివర ఒక్కచోట గుదిగుచ్చి, ఏ వాక్యానికి ఏది వర్తిస్తుందో చెప్పకుండా వదిలేశారు. లెక్కల మాస్టారు ఇలా మార్కులు వేస్తే పిల్లలు ఊరుకుంటారా? ఫ్రాన్సులో ఊరుకోలేదు. ఆ తగవు దశాబ్దాల తరబడి సాగింది.

వాక్యం సంగతి అది. మనిషి మీద తీసుకునే చర్యలు వేరు. పుస్తకాన్ని నిషిద్ధ గ్రంథాల పట్టికలో చేర్చటం ఒకటి, పాఠం చెప్పకుండా ఆపటం ఒకటి, మఠాధికారి చాటుగా పిలిచి "ఇక వ్రాయకు" అనటం ఒకటి, బహిరంగంగా హెచ్చరిక వేయటం ఒకటి. వెలి వేయటం అన్నిటికంటె చివరిది, బహు అరుదు. మన పొరుగున శ్రీలంకలో టిస్సా బాలసూర్య అనే గురువును మరియమ్మ మీద వ్రాసిన పుస్తకం కారణంగా 1997 జనవరిలో వెలివేసి, ఏడాది తిరగగానే 1998 జనవరిలో మళ్ళీ కలుపుకున్నారు. మాస్టారుగారి కాగితంలోని నలుగురిలో ఎవరికీ ఆ శిక్ష పడలేదు.

ఈ తీర్పులు చెప్పే కార్యాలయం 1542లో రోము విచారణ సభగా పుట్టింది. 1908లో హోలీ ఆఫీసు అయింది, 1965లో విశ్వాస సిద్ధాంత సంఘమయింది, 2022లో మరోసారి పేరు మార్చుకుంది. నిషిద్ధ గ్రంథాల మొదటి రోము పట్టిక 1559లో వచ్చింది. చివరి కూర్పు 1948ది. 1966లో దానికి చట్టబలం తీసివేశారు. ఆ తరువాత ఇప్పటివరకు "ఇవి చదవరాదు" అనే పట్టిక లేదు. పుస్తకానికైతే మేత్రాణుల అనుమతి ముద్ర అనేది ఉంది. విశ్వాసానికి అడ్డు వచ్చేది ఇందులో లేదని దాని అర్థమే గాని, ఇందులో ఉన్నదంతా మేము ఒప్పుకున్నామని కాదు. ప్రసంగానికి ఆ ముద్ర కూడా లేదు. పీఠం ఎక్కిన గురువు నోట్లోంచి వచ్చేదాన్ని ముందుగా ఎవరూ చదివి సరిచూడరు. అందుకే వినేవారికి ఈ బెంగ.

తీర్పు తిరగబడటం కొత్త సంగతి కాదు. 1277లో పారిస్ మేత్రాణులు తాంపియే గారు 219 వాక్యాలను నిషేధించారు. వాటిలో కొన్ని మూడేళ్ళ క్రితం చనిపోయిన తోమాస్ అక్వినాస్ బోధనకు తగిలేవే. 1323లో అదే తోమాస్‌ను పునీతుడుగా ప్రకటించారు. 1325లో మరో పారిస్ మేత్రాణులు, ఆయనకు తగిలినంత మేరకు ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. 1879 నాటికి 13వ లియో పోపుగారు కేథలిక్ పాఠశాలలన్నిటికీ ఆయననే ప్రమాణం చేశారు. అనుమానితుడు కొలబద్దగా మారటానికి ఆరువందల ఏళ్ళు పట్టింది.

ఆంతోనియో రోస్మిని కథ ఇంకా చిత్రం. ఈ ఇటలీ గురువు పుస్తకాలు రెండింటిని 1849లో పట్టికకెక్కించారు. ఆయన 1855లో మరణించారు. 1887లో ఆయన రచనల నుంచి 40 వాక్యాలను ఖండించారు. 2001 జూలైలో అదే కార్యాలయం, నాటి ఆందోళనకు ఇప్పుడు కారణం లేదనీ, ఆ వాక్యాలకు అప్పుడు తీసిన అర్థం రోస్మిని ఉద్దేశించిన అర్థం కాదనీ ప్రకటించింది. 2007లో ఆయనను ధన్యుడుగా ప్రకటించారు. 1887 తీర్పు వ్రాసినవారు అబద్ధమాడారని రోము అనలేదు. ఆ వాక్యాలను ఆనాటి చదువరి ఎలా అర్థం చేసుకుంటాడో ఆ అర్థానికే తీర్పు చెప్పారని అన్నది. ఇందులో తప్పించుకునే నేర్పు కొంత ఉందని మాకూ అనిపించింది. అయినా మాట వేరు, మాటకు తీసిన అర్థం వేరు అని ఒప్పుకోవటం చిన్న విషయం కాదు.

ఇక మాస్టారుగారి నలుగురు.

రానర్ పేరు ఆ కాగితంలో ఎలా చేరిందో మాకు బోధపడలేదు. ఈ జర్మను యేసుసభ గురువును రోము ఏనాడూ బహిరంగంగా ఖండించలేదు. 1962లో ఆయన ఏమి వ్రాసినా ముందుగా రోములో చూపించాలని ఆజ్ఞ పెట్టారు. అదే ఏడాది వాటికన్ మహాసభకు నిపుణుడుగా పిలిచారు. 1963లో ఆజ్ఞ ఉపసంహరించారు. క్రీస్తు పేరు వినని సజ్జనుడు కూడా తెలియకుండానే క్రీస్తు కృపలో ఉండవచ్చునని ఆయన అన్న మాటను హాన్స్ ఉర్స్ ఫాన్ బల్తజార్ అనే మరో పండితుడు 1966లో ఘాటుగా విమర్శించాడు. అది ఇద్దరు పండితుల వాదం. పండితుల వాదం శ్రీసభ తీర్పు కాదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పుకోవటం మనలో బాగా ఉన్న అలవాటు.

అదే తరంలో ఫ్రాన్సుకు చెందిన ఇద్దరి కథ తెలిస్తే రానర్ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. ఆన్రి ద ల్యుబాక్‌ను 1950లో ఆయన సభ పెద్దలే లియోన్‌లో పాఠం చెప్పకుండా ఆపారు. ఏ తీర్పు ప్రకటించలేదు. తప్పేమిటో పేరుపెట్టి చెప్పని శిక్ష కనుక జవాబు చెప్పుకోవటానికీ వీలులేదు. ఆ ఖాళీ కాలంలో ఆయన బౌద్ధం మీద పుస్తకాలు వ్రాశాడు. ఈవ్ కొంగార్ దొమినికన్ గురువు. శ్రీసభలో సంస్కరణ ఎలా జరగాలో 1950లో ఒక పుస్తకం వ్రాస్తే దాన్ని మళ్ళీ అచ్చువేయరాదన్నారు, అనువదించరాదన్నారు. 1954లో పాఠం మాన్పించి జెరూసలేముకు, తరువాత కేంబ్రిడ్జికి పంపించారు. 1960లో 23వ జాన్ పోపుగారు ఇద్దరినీ మహాసభ సన్నాహాలకు సలహాదారులుగా పిలిచారు. ద ల్యుబాక్ 1983లో, కొంగార్ 1994లో కార్డినళ్ళయ్యారు. 1955లో కొంగార్ మాట ప్రసంగంలో ఉదహరించిన గురువు మీద ఎవరైనా ఫిర్యాదు వ్రాసి ఉంటే, ఆ ఫిర్యాదు చేసినవారికి తరువాత ఏమనిపించి ఉంటుంది?

ఇలా అని అనుమానించబడ్డ ప్రతివాడూ రేపటి కార్డినలే అనుకుంటే అదీ పొరపాటే. క్యూంగ్ పేరు దగ్గర మాస్టారుగారి కాగితానికి బలముంది. 1970లో ఈ స్విస్ గురువు పోపుగారి పొరబడని అధికారాన్ని ప్రశ్నిస్తూ పుస్తకం వ్రాశాడు. హెచ్చరించారు, వినలేదు. 1979 డిసెంబరు 18న రోము, ఈయనను ఇక కేథలిక్ దైవశాస్త్రజ్ఞుడుగా పరిగణించరాదు, ఆ హోదాలో బోధించరాదు అని తేల్చి చెప్పింది. 2021లో ఆయన చనిపోయేవరకు ఆ అనుమతి తిరిగి ఇవ్వలేదు. కాని గురుత్వం తీసేయలేదు. ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం ఆయనను కేథలిక్ విభాగం నుంచి తప్పించి వేరుగా ఉంచుకున్నది. 2005లో, తన పాత సహోద్యోగి పోపు అయ్యాక, 16వ బెనెడిక్టుగారు ఆయనను పిలిపించుకుని గంటల తరబడి మాట్లాడారు. సిద్ధాంత వివాదాల జోలికి పోలేదనీ, మతాల మధ్య ఉమ్మడి నీతి కోసం క్యూంగ్ చేస్తున్న పనిని పోపుగారు మెచ్చుకున్నారనీ ప్రకటన వచ్చింది. మా గురువు ప్రసంగంలో ఎత్తినది ఆ సంగతే, మతాల మధ్య శాంతి గురించి. పోపుల అధికారం గురించి కాదు. అయితే, "ఈయనకు బోధించే అనుమతి తీసివేశారు, ఈ ఒక్క విషయంలో ఈయన మాట మంచిది" అని గురువు ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. వినేవాడికి ఆ మాత్రం తెలిసే హక్కుంది.

తెయ్యార్ ద షార్దాన్ వ్యవహారం చిక్కైనది. యేసుసభ గురువు, భూగర్భ శాస్త్రజ్ఞుడు. పెకింగ్ మానవుడి ఎముకలు దొరికిన తవ్వకాలలో పాల్గొన్నాడు. సృష్టి అంతా పరిణామం ద్వారా క్రీస్తు వైపు నడుస్తున్నదని ఆయన నమ్మకం. శాస్త్ర వ్యాసాలు అచ్చు వేసుకోనిచ్చారు గాని మతం మీద వ్రాసినవాటికి అనుమతి రాలేదు. నోరెత్తక విధేయుడుగానే ఉన్నాడు. 1955 ఏప్రిల్ 10న, ఈస్టరు ఆదివారం నాడు, న్యూయార్కులో చనిపోయాడు. హడ్సన్ నది ఒడ్డున యేసుసభ వారి శ్మశానంలో సమాధి చేశారు. ఆ ఆవరణను తరువాత ఒక వంటల కాలేజీకి అమ్మారు. ఇప్పటికీ ఆయన సమాధి ఆ కాలేజీ ఆవరణలోనే, పాకశాస్త్ర విద్యార్థుల మధ్య ఉంది.

చనిపోయాక పుస్తకాలు ఒక్కటొక్కటిగా బయటికి వచ్చాయి. 1962 జూన్ 30న హోలీ ఆఫీసు ఒక హెచ్చరిక వేసింది: శాస్త్ర విషయాల జోలికి మేము పోవటం లేదు, తత్త్వ, దైవశాస్త్ర విషయాలలో మాత్రం ఈ రచనలలో సందిగ్ధాలు, గంభీరమైన తప్పులు కూడా ఉన్నాయి, యువకుల మనస్సులను వీటి నుంచి కాపాడండి అని మేత్రాణులకూ గురువిద్యాలయాల అధికారులకూ చెప్పింది. చూశారా, మాస్టారుగారి బెంగ ఈ హెచ్చరికలోనే ఉంది. 1981లో దీన్ని సడలించారని పుకారు పుడితే, అదేమీ లేదని వాటికన్ మళ్ళీ స్పష్టం చేసింది. 2017లో వాటికన్‌లోనే సంస్కృతి మండలివారు దాన్ని ఎత్తివేయమని పోపుగారికి విన్నవించాలని తీర్మానించారు. అయినా రద్దు ప్రకటన రాలేదు.

ఇంతవరకు మాస్టారుగారి పక్షమే. కాని 2009 జూలై 24న ఇటలీలో ఆవోస్తా గుడిలో సాయంకాల ప్రార్థనలో 16వ బెనెడిక్టుగారు చేసిన ప్రసంగంలో, లోకమంతా ఒక సజీవ నైవేద్యం కావటం గురించి మాట్లాడుతూ తెయ్యార్ పేరెత్తి, ఆయనది గొప్ప దర్శనమన్నారు. 1981 నుంచి 2005 వరకు ఆ విశ్వాస సిద్ధాంత సంఘానికి అధిపతి ఈయనే. హెచ్చరిక ఉందని తెలియక అన్న మాట కాదు గదా. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో పర్యావరణం మీద వ్రాసిన విశ్వలేఖలోనూ, 2023లో మంగోలియా వెళ్ళినప్పుడు పూజ చివరలోనూ ఆయనను స్మరించారు. అంచేత ఒక హెచ్చరిక చెల్లుబాటులో ఉండగానే, ఆ రచయిత మాటలలో మంచిదాన్ని పోపులే ప్రసంగంలో ఉదహరించారని తేలుతున్నది. హెచ్చరిక "జాగ్రత్తగా చదవండి" అనటమే గాని "పేరెత్తవద్దు" అనటం కాదు.

చివరికి డిమెల్లో. మాస్టారుగారికి అసలు కోపం ఈయన మీదే. ఆ రోజు ప్రసంగంలో చెప్పింది, సముద్రంలో ఉంటూనే సముద్రం ఎక్కడని వెతుక్కునే చేపపిల్ల కథ. "ఇది మన కథ కాదు" అన్నారు మాస్టారుగారు. నీళ్ళలో ఉండి దాహమనే చేప గురించి కబీరు పాడాడని మాకూ తెలుసు.

ఆంథొనీ డిమెల్లో 1931లో బొంబాయిలో పుట్టిన యేసుసభ గురువు. పూనాలో సాధన అనే శిక్షణ సంస్థను ప్రారంభించాడు. అది తరువాత లోనావాలాకు మారింది. 1978లో ధ్యానం మీద ఆయన మొదటి పుస్తకం వచ్చింది. తరువాత జెన్, సూఫీ, హిందూ, యూదు కథలను చిన్నచిన్నవిగా తిరగ వ్రాసిన పుస్తకాలు వచ్చాయి. గుజరాతులో ఆనంద్ నుంచి యేసుసభవారే అచ్చువేశారు. అవి లోకమంతా పాకి ప్రసంగం తయారు చేసుకునే ప్రతి గురువు బల్ల మీదకీ చేరాయి. 1987 జూన్‌లో న్యూయార్కులో గుండె ఆగి చనిపోయాడు.

పదకొండేళ్ళ తరువాత, 1998 జూన్ 24 తేదీతో, రోము ఒక ప్రకటన చేసింది. అది చదివితే కొంత ఆశ్చర్యమే కలుగుతుంది. మొదటి పుస్తకాలలో తూర్పు దేశాల జ్ఞానం నుంచి తీసుకున్న మంచి అంశాలున్నాయనీ, మనస్సును అదుపులో పెట్టుకోవటానికి అవి ఉపకరిస్తాయనీ ముందుగా మెచ్చుకుంటుంది. ఆ పైన, ఆ తొలి పుస్తకాలలోనే కొన్నిచోట్ల మొదలై తరువాతివాటిలో క్రమంగా విశ్వాసానికి దూరం జరిగాడంటుంది. దేవుడు వ్యక్తి కాదు, ఏదో రూపంలేని విశ్వశక్తి అన్నట్లుగా, యేసు అనేకమంది గురువులలో ఒకడన్నట్లుగా ఉన్న భావాలు కేథలిక్ విశ్వాసంతో పొసగవనీ, గొప్ప హాని చేయగలవనీ తేల్చింది. ఆయన లేడు గనుక జవాబు చెప్పేవారు లేరు. చివరి పుస్తకాలు కొన్ని ఆయన ఉపన్యాసాల నుంచి ఇతరులు కూర్చి, చనిపోయాక అచ్చువేసినవి. ఆ తరువాత ప్రకాశకులు పుస్తకాలలో ఒక గమనిక చేర్చారు. ఇవి పలుమతాల సమాజంలో, ఇతర మతస్థులకూ మతం లేనివారికీ తోడ్పడటానికి వ్రాసినవి, కేథలిక్కులకు సత్యోపదేశం నేర్పే పుస్తకాలు కావు అని. మాకు ఆ గమనికే అన్నిటికంటె న్యాయంగా తోచింది. మందు సీసా మీద చీటీ అతికించినట్టుంది. సీసా పారెయ్యమనలేదు.

పూనాలో డిమెల్లో సంస్థ మొదట నడిచిన భవనం పేరు డి నోబిలి కాలేజీ. ఆ పేరు వెనుక మరో పాత తగవుంది. రాబర్ట్ డి నోబిలి 1606లో మదురకు చేరాడు. తెలుగు నాయకరాజుల ఏలుబడి కనుక తమిళం, సంస్కృతంతో పాటు తెలుగూ నేర్చాడు. కాషాయం కట్టి, మాంసం మాని, క్రైస్తవుడైన బ్రాహ్మణుడు జంధ్యం, పిలక, గంధం ఉంచుకోవచ్చునన్నాడు. తోటి గురువులే ఆయన మీద ఫిర్యాదు వ్రాశారు. 1619లో గోవాలో విచారణ, 1623లో పోపుగారి అనుమతి. 18వ శతాబ్దంలో తెలుగుసీమకు వచ్చిన ఫ్రెంచి యేసుసభ గురువులూ ఆ సన్న్యాసి జీవితాన్నే అనుసరించారు. కాని పుదుచ్చేరికి వచ్చిన పోపుగారి ప్రతినిధి తూర్నోన్ 1704లో ఆ ఆచారాలను చాలావరకు నిషేధించాడు. 1744లో 14వ బెనెడిక్టుగారు నిషేధాన్ని ఖాయం చేశారు. వాటికి వ్యతిరేకంగా మిషనరీలందరూ చేయవలసిన ప్రమాణం 1940 దాకా ఉండి పోయింది. ఒక పిలక మీద మూడు శతాబ్దాలు! నవ్వు వస్తుంది గాని, ఊళ్ళో కులం పట్టింపుకు కొత్త మతంలోనూ చోటిచ్చారన్న విమర్శ నోబిలి మీద ఇవాళ్టికీ ఉంది. దానికి సులువైన జవాబు లేదు. మాస్టారుగారి తాతగారి వంటివారు మతం మారింది ఆ పట్టింపు భరించలేకనే అని మరిచిపోకూడదు.

శనివారం సాయంత్రం మాస్టారుగారింటికి వెళ్ళాము. చేపపిల్ల కథ సంగతి వచ్చినప్పుడు, పునీత పౌలుగారు ఏథెన్సులో చేసిన ప్రసంగంలో గ్రీకు కవి అరాటస్ పలుకు ఎత్తుకున్నాడని, అది అపొస్తలుల కార్యాల 17వ అధ్యాయంలో ఉందని మనవి చేశాము. ఆయన కాదనలేదు. "పౌలుగారు ఎత్తుకుని, ఆ తరువాత పునరుత్థానం చెప్పారు. మన ఫాదరుగారు ఎత్తుకుని అక్కడే ఆపారు" అన్నారు. ఈ దెబ్బ మాకు గట్టిగానే తగిలింది. ప్రసంగం మళ్ళీ గుర్తు తెచ్చుకుంటే నిజమే, చేపపిల్లతోనే ముగిసింది.

అప్పుడాయన లేచి అలమరలోంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తెచ్చారు. "నాకు పండితుల మాటలు అక్కరలేదు. ఏ సభలో ఏమి నిర్ణయించారో అంతా ఇందులో ఉంది. ఇదీ కొలబద్ద" అన్నారు. గురువిద్యాలయంలో చదివిన ఆయన తమ్ముడిదట. పేరు "ది క్రిస్టియన్ ఫెయిత్". మొదటి నుంచి ఇప్పటివరకు శ్రీసభ వెలువరించిన సిద్ధాంత పత్రాల సంకలనం. మొదటి కూర్పు 1973లో వచ్చింది. మన దేశంలో గురువిద్యార్థులకు నిత్యం చేతిలో ఉండే పుస్తకం. అట్ట మీద సంపాదకుల పేర్లు రెండు: జోసెఫ్ నాయ్‌నర్, జాక్ డ్యుపుయి.

ఆ రెండో పేరు సంగతి మేము ఆ వారమే చదివి ఉన్నాము. చెప్పాలా వద్దా అని కాసేపు సందేహించి, చెప్పాము.

డ్యుపుయి బెల్జియం దేశస్థుడు. 1948లో మన దేశానికి వచ్చి, డార్జిలింగు దగ్గర కర్సియాంగులో, ఆ కళాశాల ఢిల్లీకి మారాక అక్కడ విద్యాజ్యోతిలో, దైవశాస్త్రం బోధించాడు. 1984లో రోములో గ్రెగోరియన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మన దేశంలో హిందువుల మధ్య గడిపిన 36 ఏళ్ళూ ఆయన ముందు ఒక ప్రశ్న పెట్టాయి: దేవుని సంకల్పంలో ఇతర మతాలకు కూడా ఏదైనా చోటుందా? 1997లో దాని మీద పెద్ద పుస్తకం వ్రాశాడు. 1998లో రోము విచారణ మొదలయింది. గ్రెగోరియన్ పాఠం ఆగిపోయింది. వందలకొద్దీ పేజీల జవాబులు వ్రాశాడు. వియన్నా కార్డినల్ కోనిగ్‌గారు వృద్ధాప్యంలో ఆయన పక్షాన బహిరంగంగా నిలబడ్డారు. కలకత్తా మేత్రాణులు హెన్రీ డిసూజాగారు సమర్థించారు. 2001 జనవరి 24 తేదీతో తీర్పు వచ్చింది. పాషండమనలేదు. తప్పుడు అభిప్రాయాలకు దారితీయగల సందిగ్ధాలు ఉన్నాయన్నారు. శిక్ష వేయలేదు. ముందు ముందు కూర్పులలో తీర్పు పాఠం చేర్చమన్నారు. రోస్మినిని నిర్దోషిగా చెప్పిన ఏడాదే ఇది. డ్యుపుయి 2004 డిసెంబరులో రోములో చనిపోయాడు. ఆ విచారణ ఆయనను కుంగదీసిందని దగ్గరివారు వ్రాశారు.

మాస్టారుగారు పుస్తకం అట్టను చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. "అయితే ఇది కూడా పనికిరాదంటారా?" అన్నారు చివరికి. కాదండీ, ఇది నిఖార్సయిన కొలబద్దే, దీన్ని మీకు చేతికిచ్చిన మనిషి విశ్వాసం లేనివాడు కాడు అనే మా మాట అన్నాము. అమ్మగారు కాఫీ తెచ్చారు. ఆయన కాగితం తీసి పెన్నుతో రానర్ పేరు కొట్టివేశారు. తెయ్యార్ దగ్గర కాసేపు ఆగి, అదీ కొట్టివేశారు. క్యూంగ్ పేరు ఉంచారు. డిమెల్లో దగ్గర పెన్ను ఆడలేదు.

"మేత్రాణులకెందుకు, ముందు ఫాదరుగారినే అడుగుదాం" అన్నారు. మరునాడు పూజ అయ్యాక ఆయన వెంట మేమూ వెళ్ళాము. ఆ చేపపిల్ల కథ డిమెల్లో పుస్తకాలలో దేనిలోదని మాస్టారుగారు అడిగారు. మొదటిదా, చనిపోయాక వచ్చినదా అన్నది తేల్చుకోవాలని ఆయన ఉద్దేశం. ఫాదరుగారు ఆలోచించి, తనకు గుర్తులేదనీ, ప్రతి ఆదివారానికి కథలు కూర్చి పంపే ఒక ప్రసంగాల సంకలనంలో దొరికిందనీ, అసలు పుస్తకం తాను చదవలేదనీ చెప్పారు. మాస్టారుగారు ఏమీ అనలేదు. కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. ఇంటికి వచ్చేదారిలో మాత్రం, మనవరాలి అభ్యంగనం తరగతికి వచ్చే నెల నుంచి తానే వెళ్ళి కూర్చుంటానని చెప్పారు.